న్యాయ సందేహాలు: ఆ మౌనం అంగీకారమేనా?

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం స్థలం తగాదాలు, వీలునామాలు, అద్దె ఇళ్ల గొడవలే. ఈ నెల మాత్రం విశాఖపట్నం నుంచే నాలుగు ఉత్తరాలు జపాన్ బొమ్మల గురించి వచ్చాయి. ఒకటి గీసే కుర్రవాడిది, ఒకటి అచ్చువేసే పెద్దమనిషిది, ఒకటి అమ్మమ్మగారిది, ఒకటి తన బొమ్మలను ఎవరో ఎత్తుకుపోయారని బాధపడుతున్న అమ్మాయిది. మిగతా ఉత్తరాలను వచ్చే నెలకు ఉంచి ఈ నాలుగింటికే జవాబులు రాస్తున్నాను. నాకు ఇందులో సొంత కారణం కూడా ఒకటి ఉంది. అది మొదటి జవాబులో వస్తుంది.

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు 22 ఏళ్లు. యానిమేషన్ కోర్సు చదువుతున్నాను. మేం ఐదుగురు స్నేహితులం. మా అందరికీ ప్రాణమైన ఒక జపాన్ అనిమే, అంటే అక్కడి బొమ్మల సీరియల్ ఉంది. అందులోని పాత్రలతో ‘పెద్దలకు మాత్రమే’ అన్న హెచ్చరిక పెట్టి 40 పేజీల పేరడీ పుస్తకం గీశాం. 200 ప్రతులు అచ్చువేయించి, ఒక్కోటి 150 రూపాయలకు అభిమానుల కలయికలో అమ్మాలనీ, పీడీఎఫ్ కూడా పెట్టాలనీ అనుకుంటున్నాం. జపాన్‌లో ఇలాంటివి బహిరంగంగా అమ్ముతారు, కంపెనీలు ఏమీ అనవు. పేరడీకి చట్టంలో మినహాయింపు ఉందని విన్నాం. పైగా మాకు లాభాపేక్ష లేదు, అచ్చు ఖర్చు తిరిగి వస్తే చాలు. భయపడవలసింది ఏమైనా ఉందా?
— పేరు వద్దు, ఎం.వి.పి. కాలనీ

జవాబు: బాబూ, నువ్వు మా అబ్బాయి ఈడువాడివి, అందుకే ‘నువ్వు’ అనే రాస్తున్నాను. భయపడవలసింది ఉంది. ఆ పుస్తకాన్ని అచ్చుకు ఇవ్వకు, పీడీఎఫ్ ఎక్కడా పెట్టకు. ఎందుకో కాస్త వివరంగానే చెబుతాను. నీ ఉత్తరంలోని ప్రతి వాక్యంలోనూ కొంత నిజం ఉంది. ఆ కొంత నిజాన్ని నమ్ముకునే చాలామంది చిక్కుల్లో పడతారు.

జపాన్ సంగతితో మొదలుపెడతాను. అభిమానులు సొంత డబ్బుతో వేసుకునే ఇలాంటి పుస్తకాలను అక్కడ దోజిన్షి అంటారు. వాటికోసం టోక్యోలో కామిక్ మార్కెట్ అనే సంత 1975 డిసెంబరులో మొదలైంది. మొదటిసారి 32 బృందాలు బల్లలు పెట్టుకుంటే 700 మంది దాకా వచ్చారు. ఇప్పుడు అది ఏటా ఆగస్టులో ఒకసారి, డిసెంబరులో ఒకసారి జరుగుతుంది, లక్షల మంది వస్తారు. పెద్దల పేరడీలు అక్కడ అమ్ముడుపోతాయన్నదీ నిజమే. కానీ జపాన్ కాపీరైట్ చట్టంలో పేరడీకి ప్రత్యేక మినహాయింపు అంటూ ఏదీ లేదు. మంచుకొండ మీద స్కీయింగ్ చేస్తున్నవాళ్ల ఫొటోకు ఒకాయన పెద్ద కారు టైరును జోడించి వ్యంగ్యచిత్రం చేస్తే, 1980లో ఆ దేశ సుప్రీంకోర్టు ఫొటో తీసినాయన వైపే నిలిచింది.

అలాంటప్పుడు అంత పెద్ద సంత ఎలా సాగుతోందని నువ్వు అడగాలి. అక్కడ ఈ తరహా ఉల్లంఘన మీద హక్కుదారు ఫిర్యాదు చేస్తేనే క్రిమినల్ కేసు నడుస్తుంది. 2018 డిసెంబరు 30 నుంచి కొన్ని నేరాలకు ఫిర్యాదు అక్కరలేదని చట్టం మార్చారు. ఆ మార్పు మూలాన్ని ఉన్నదున్నట్టు నకలు తీసి అమ్ముకునేవారికి వర్తిస్తుంది, అభిమానులు మార్చి గీసుకునేవాటిని అందులో చేర్చలేదు. కాబట్టి ఆ సంత మొత్తం హక్కుదారుల మౌనం మీద నిలబడి ఉంది. కొత్త పాఠకులు వస్తారని కొందరు, రేపటి చిత్రకారులు అక్కడే తయారవుతారని కొందరు, అభిమానులతో గొడవ ఎందుకని కొందరు ఊరుకుంటారు. ఊరుకున్నవాళ్లు ఎప్పుడైనా మాట్లాడవచ్చు.

మాట్లాడారు కూడా. 1999 జనవరిలో పోకెమాన్ పాత్రలతో పెద్దల దోజిన్షి గీసి తపాలా ద్వారా అమ్మిన ఒక మహిళను క్యోటో పోలీసులు అరెస్టు చేశారు. ఆమె ఉండేది ఫుకుఓకాలో. పోకెమాన్ గేముల సంస్థ నింటెండో పక్షం ఫిర్యాదు చేసింది. చివరికి లక్ష యెన్‌ల జరిమానా పడింది. అదే ఏడాది ఆగస్టులో టోక్యో జిల్లా కోర్టు మరో కేసు తేల్చింది. కొనామి సంస్థ తయారు చేసిన ఒక వీడియో గేములో అమాయకమైన హైస్కూలు అమ్మాయి పాత్ర ఉంది. ఎవరో ఆ పాత్రతో పెద్దల యానిమేషన్ వీడియో చేసి అమ్మారు. కోర్టు దాన్ని కాపీరైట్ ఉల్లంఘన అన్నది. అంతటితో ఆగక, ఆ పాత్ర స్వభావాన్నే వికృతం చేశారనీ, రచనను చెడగొట్టకుండా కాపాడుకునే హక్కుకు కూడా భంగం కలిగిందనీ చెప్పింది. నీ పుస్తకానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న తీర్పు ఇదే. పెద్దల బొమ్మలు లేకపోతే చాలనీ అనుకోకు. డోరెమాన్‌కు చివరి కథ అంటూ ఒక అభిమాని 2005లో వేసిన పుస్తకంలో అసభ్యత ఏమీ లేదు. అది 13 వేల ప్రతుల దాకా అమ్ముడుపోయేసరికి ప్రచురణ సంస్థ అడ్డుకుంది. గీసినాయన 2007లో క్షమాపణ చెప్పి లాభంలో కొంత చెల్లించాడు.

ఇప్పుడు నా సొంత విషయం. మా నాన్నగారు జగదాంబ కూడలి దగ్గర సినిమా బ్యానర్లు గీసేవారు. స్టిల్ ఫొటో మీద పెన్సిలుతో గళ్లు గీసి, గుడ్డ మీద అవే గళ్లు పెద్దవిగా వేసి, అరచేతిలో పట్టే ముఖాన్ని పన్నెండు అడుగులకు పెంచేవారు. సినిమా పని లేని రోజుల్లో కేలండర్లకు బొమ్మలు వేసేవారు. 1984లో ఒక కేలండరు కోసం, చేపల గంప నెత్తిన పెట్టుకుని రేవు నుంచి నడిచి వస్తున్న అమ్మాయిని గీశారు. ఆ ముఖం మా మేనత్తది. బొమ్మకు 150 రూపాయలు ముట్టాయి. రెండేళ్ల తరువాత బస్టాండు పుస్తకాల కొట్టులో క్లిప్పులకు వేలాడుతున్న ఒక చౌకబారు పుస్తకం అట్ట మీద అదే బొమ్మ కనిపించింది. అదే ముఖం, అదే గంప, ఒంటి మీద చీర మాత్రం లేదు. కొట్టులో ఉన్న ఏడు ప్రతులనూ నాన్నగారు కొని ఇంటికి తెచ్చి పొయ్యిలో పెట్టారు. నేను అప్పుడు ఇంటర్మీడియట్‌లో ఉన్నాను. ఆయన ఆ రాత్రి అన్నం తినలేదు. ఆ తరువాత కూడా ఎవరితోనూ ఆ మాట ఎత్తలేదు, పుస్తకం వేసినవాళ్లకు ఉత్తరం రాయలేదు. అమ్ముకున్న బొమ్మ మీద తనకు ఏ హక్కూ ఉండదని ఆయన నమ్మకం. అచ్చువేసినవాళ్లకు అది అనుమతిలాగే కనిపించి ఉంటుంది. మౌనం అర్ధాంగీకారం అంటారు కదా. మా ఇంట్లో ఆ మౌనంలో అంగీకారం ఇసుమంత కూడా లేదు.

కొన్నేళ్లకు లా చదువుతూ 1957 కాపీరైట్ చట్టంలో 57వ సెక్షను దగ్గర ఆగిపోయాను. రచయిత తన హక్కును పూర్తిగా అమ్ముకున్నా, ఆ రచనను వికృతం చేసి తన గౌరవానికి, పేరుకు భంగం కలిగిస్తే దాన్ని ఆపించే హక్కు, నష్టపరిహారం అడిగే హక్కు ఆయనకే మిగిలి ఉంటాయని అందులో ఉంది. బొమ్మలు గీసేవారికీ అది వర్తిస్తుంది. ఇంటికి వెళ్లి నాన్నగారికి చదివి వినిపించాను. ‘ఇంకోసారి చదువమ్మా’ అన్నారు. మళ్లీ చదివాను. అమర్‌నాథ్ సెహగల్ అనే శిల్పి ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడకు చేసిన కంచు శిల్పాన్ని 1979లో పీకి గోదాములో పడేస్తే, 2005లో ఢిల్లీ హైకోర్టు ఇదే సెక్షను కింద దాన్ని ఆయనకు తిరిగి ఇప్పించి 5 లక్షల రూపాయల పరిహారం కూడా ఇప్పించింది. ఆ తీర్పు వచ్చేనాటికి నాన్నగారు లేరు.

నీ 40 పేజీల వెనుక కూడా అలా బొమ్మను కన్న మనిషి ఒకరు ఉన్నారు. నువ్వు అంతగా అభిమానించే ఆ పాత్ర ముఖం ఎవరో ఒకరి చేతిలో, వందసార్లు చెరిపి గీస్తేనే, కుదిరింది. నీకు చట్టం చెప్పేముందు ఈ మాట చెప్పాలని అనిపించింది.

ఇక చట్టం. జపాన్ రచనకు మన దేశంలో రక్షణ ఉంటుందా అని మీలో ఎవరికైనా అనుమానం ఉంటే, ఉంటుంది. ఒకరి రచనలను ఒకరు కాపాడాలని దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందంలో జపాన్ 1899లో, మన దేశం 1928లో చేరాయి. ఆ ఒప్పందంలో ఉన్న దేశాల రచనలకు ఇక్కడ మన రచనలతో సమానమైన రక్షణ ఇస్తూ కేంద్రం 1999లో ఉత్తర్వు ఇచ్చింది. పేర్లు మార్చి, జుట్టు రంగు మార్చి తప్పించుకోవచ్చనీ అనుకోవద్దు. నాగరాజ్ కామిక్స్ వేసే సంస్థ, తమ పాత్రను పోలిన నాగేశ్ అనే పాత్ర మీద కోర్టుకు వెళితే, 1996లో ఢిల్లీ హైకోర్టు ఆ రెండో పుస్తకాలను ఆపింది.

పేరడీకి మినహాయింపు అన్నావు. మన చట్టంలో ‘పేరడీ’ అనే మాటే లేదు. 52వ సెక్షనులో సముచిత వినియోగం అని ఒక వెసులుబాటు ఉంది. సొంత ఉపయోగానికి, పరిశోధనకు, విమర్శకు, సమీక్షకు, వర్తమాన వార్తలకు అది పనికొస్తుంది. పేరడీ అందులోకి రావాలంటే విమర్శ అనే ద్వారం గుండానే రావాలి. అలా వచ్చిన కేసు కేరళలో ఉంది. తోప్పిల్ భాసి రాసిన సుప్రసిద్ధ కమ్యూనిస్టు నాటకానికి సివిక్ చంద్రన్ ప్రతినాటకం రాశారు. అందులో మూలంలోని పాత్రలు, సంభాషణలు చాలానే ఉన్నాయి. అయినా 1996లో కేరళ హైకోర్టు ప్రదర్శనకు అడ్డు చెప్పలేదు. ఎంత తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు, మూల నాటకం చూసేవాళ్లు దీనివల్ల తగ్గిపోతారా అని చూసింది. ఆ ప్రతినాటకం మూలం చెప్పిన రాజకీయాన్ని నిలదీసింది, దానికోసమే మూలాన్ని తీసుకుంది.

పేరడీ మనకేమీ కొత్త కాదు. మన ఊళ్లో పుట్టిన శ్రీశ్రీ కవిత్వానికే జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి పేరడీలు కట్టారు, ఆయనకు ‘పేరడీ శాస్త్రి’ అనే పేరు అలాగే వచ్చింది. ఆ పేరడీలు చదివితే మూల కవి పలుకుబడి, ఊపు, విరుపు మరింత బాగా తెలుస్తాయి. నీ పుస్తకాన్ని ముందు పెట్టుకుని నిజాయితీగా చూసుకో. ఆ అనిమే గురించి, దాని కథ చెప్పే తీరు గురించి, ఆడపిల్లలను అది చూపించే పద్ధతి గురించి నీ పేజీలు ఏమైనా అంటున్నాయా? తెలిసిన ముఖాలను అరువు తెచ్చుకుని వేరే దృశ్యాలు చూపించడమే ఉంటే దాన్ని కోర్టు విమర్శగా తీసుకోవడం కష్టం. పేరడీకి ఎంతో చోటిచ్చే అమెరికాలో కూడా ఇదే గీత గీశారు. 1971లో కొందరు చిత్రకారులు డిస్నీ పాత్రలను మత్తుమందుల మధ్య, పడకగదుల్లో చూపిస్తూ కామిక్స్ వేశారు. 1978లో అక్కడి అప్పీలు కోర్టు, పేరడీకి అవసరమైనదానికంటే ఎక్కువ తీసుకున్నారని వాళ్లకు వ్యతిరేకంగా చెప్పింది. పేరడీకి అనుకూలంగా 1994లో అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన ప్రసిద్ధ తీర్పు కూడా మూలం మీద వ్యాఖ్యానం ఉండాలనే అడుగుతుంది.

లాభం లేదన్నావు. 150 రూపాయలకు 200 ప్రతులంటే 30 వేల రూపాయలు. ఖర్చు పోను మిగలకపోయినా అది అమ్మకమే. తెలిసి కాపీరైట్‌ను ఉల్లంఘిస్తే 63వ సెక్షను కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా. వ్యాపార లాభం కోసం చేయలేదని తేలితే కోర్టు ఆరు నెలలకంటే తగ్గించవచ్చు. ఈ నేరంలో పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చనీ, బెయిలు హక్కుగా దొరకదనీ 2022 మే నెలలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఇంతవరకు చెప్పింది కాపీరైట్ సంగతి. హక్కుదారు రేపు సంతోషంగా అనుమతి ఇచ్చినా తీరని చిక్కు రెండోది ఉంది. అశ్లీలమని తేలిన పుస్తకాన్ని అమ్మడం 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 294వ సెక్షను కిందకు వస్తుంది. పీడీఎఫ్ పెట్టావా, ఐటీ చట్టంలోని 67, 67ఎ సెక్షన్లు వస్తాయి. మొదటిసారికే మూడేళ్లు, లైంగిక చర్యలు బాహాటంగా ఉంటే ఐదేళ్లు, పది లక్షల జరిమానా వరకు. కళ, సాహిత్యం పేరిట కొంత రక్షణ ఉంది గానీ దాన్ని కోర్టులో నువ్వు నిలబెట్టుకోవాలి. ‘పెద్దలకు మాత్రమే’ అని అట్ట మీద రాసినంత మాత్రాన అది దొరకదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇప్పుడు రాస్తున్నాను, మీరు ఐదుగురూ కూర్చుని చదవండి. మీరు ఇష్టపడే ఇలాంటి కథల్లో సగం పాత్రలు బడి పిల్లలు. మీ పేజీల్లో ఉన్నది పద్దెనిమిదేళ్లు నిండని పాత్ర అయితే, చూసేవారికి పిల్లలా కనిపించినా సరే, అది వేరే నేరం. ఐటీ చట్టం 67బి సెక్షను పిల్లలను అసభ్యంగా చూపించే రాతను, డిజిటల్ బొమ్మను తయారు చేయడాన్నే నేరం అంటోంది. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టానికి 2019లో చేర్చిన నిర్వచనంలో, సృష్టించినదైనా మార్చినదైనా పిల్లవాడిలా కనిపించే బొమ్మ కూడా ఉంది. ‘మా కథలో ఆ అమ్మాయికి 20 ఏళ్లు’ అని ఒక మూల రాస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. అలాంటి పేజీ ఒక్కటి ఉన్నా ఎవరికీ పంపకుండా, నాకు కూడా పంపకుండా, ఈ రోజే తీసివేయండి. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. చట్టం సంగతి పక్కన పెట్టినా లేదు.

మరి ఇంత నేర్చుకున్న చెయ్యి ఏం చేయాలి? ఆలోచనకు కాపీరైట్ లేదు, దాన్ని వ్యక్తం చేసిన రూపానికే ఉందని 1978లో సుప్రీంకోర్టు ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పింది. కత్తి పట్టి రాక్షసులను వేటాడే కుర్రవాడి కథ ఎవరైనా చెప్పవచ్చు. అతన్ని భీమిలి రేవులో పుట్టించు, ముఖం నువ్వే కల్పించు. ఇష్టమైన పాత్రనే గీయాలనుకుంటే హక్కుదారుల నియమావళి వెతుకు. కంప్యూటర్ గొంతుతో పాడే హత్సునే మికు అనే పాత్రను లాభాపేక్ష లేకుండా వాడుకోవడానికి దాని సంస్థ లైసెన్సు రాసి అందరి ముందూ పెట్టింది. మరోవైపు పందెపు గుర్రాలను అమ్మాయిలుగా చూపించే ఉమాముసుమే అనే గేము సంస్థ, తమ పాత్రల పేర్లు నిజమైన పందెపు గుర్రాలవి గనుక, వాటి యజమానుల మనసు నొప్పించే అసభ్య చిత్రాలు గీయవద్దని అభిమానులను కోరింది. ఒకరు రమ్మన్నారు, ఒకరు వద్దన్నారు. ఇద్దరూ నోరు తెరిచి చెప్పారు కాబట్టి అభిమానికి దారి తెలిసింది.

ప్రశ్న: అమ్మా, డాబా గార్డెన్స్‌లో చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్ నడుపుతున్నాను. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు వేస్తాం. ఈ మధ్య కుర్రాళ్లు జపాన్ బొమ్మల పుస్తకం తెచ్చారు. లోపలి పేజీలు చూసి నాకు ఇబ్బంది అనిపించింది. ‘రచన మాది, బాధ్యత మాది’ అని కాగితం రాసిస్తామంటున్నారు. ఆ కాగితం ఉంటే నేను అచ్చువేయవచ్చా?
— ప్రెస్ యజమాని

జవాబు: వేయకండి. ఆ కాగితం మీకూ వాళ్లకూ మధ్య మాత్రమే పనిచేస్తుంది. మీరు నష్టపోతే వాళ్ల దగ్గర వసూలు చేసుకోవడానికి పనికొస్తుందేమో గానీ, పోలీసులకు చూపించి బయటపడలేరు. కాపీరైట్ చట్టంలోని 63వ సెక్షను, ఉల్లంఘనకు తోడ్పడినవారిని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఉల్లంఘన ప్రతులు తీయడం కోసమని తెలిసి అచ్చు ప్లేటు తయారు చేసినా, దగ్గర ఉంచుకున్నా 65వ సెక్షను కింద రెండేళ్ల వరకు జైలు ఉంది. సబ్ ఇన్‌స్పెక్టరు స్థాయికి తగ్గని అధికారి వారంటు లేకుండానే ప్రతులనూ ప్లేట్లనూ స్వాధీనం చేసుకోవచ్చు. ఈ సెక్షన్లలో ‘తెలిసి’ అన్న మాట కీలకం. పేజీలు చూశాననీ, ఇబ్బంది అనిపించిందనీ మీరే రాశారు కాబట్టి తెలియదని చెప్పుకునే అవకాశం మీకు ఇప్పుడు లేదు. అశ్లీలత విషయంలోనైతే చట్టం అమ్మేవారినే కాకుండా తయారు చేసేవారిని కూడా పట్టుకుంటుంది.

ప్రూఫు తీసి ఉంటే కుర్రాళ్ల ముందే చింపేయండి. వాళ్లిచ్చిన ఫైలును కంప్యూటర్‌లో ఉంచుకోవద్దు. అడ్వాన్సు తీసుకుని ఉంటే తిరిగి ఇచ్చి రసీదు మీద సంతకం పెట్టించుకోండి. వాళ్లను కసిరి పంపకండి. బొమ్మలు వేయగలిగిన పిల్లలు ప్రెస్సు మెట్లెక్కి రావడం ఈ రోజుల్లో అరుదు. సొంత కథ గీసుకుని వస్తే ధర తగ్గించి వేస్తానని చెప్పి పంపండి.

ప్రశ్న: మా మనవరాలికి తొమ్మిదేళ్లు. తెలుగులో వచ్చిన జపాన్ బొమ్మల సినిమా చూసినప్పటి నుంచి ఆ హీరోను గోడ నిండా గీస్తోంది. కాపీరైట్ అని మా పక్కింటివారు భయపెట్టారు. గోడకు సున్నం వేయించాలా?
— ఒక అమ్మమ్మ, పెందుర్తి

జవాబు: అక్కరలేదమ్మా. సొంత ఆనందం కోసం ఇంట్లో గీసుకోవడం 52వ సెక్షను ఇచ్చిన వెసులుబాటులోకే వస్తుంది. మా నాన్నగారు కూడా నాగేశ్వరరావు గారి ముఖాన్ని బొగ్గుతో ఇంటి గోడ మీద గీస్తూనే గీత నేర్చుకున్నారు. పాపకు తెల్ల కాగితాల కట్ట ఒకటి కొనిపెట్టండి, గోడను మాత్రం ఉండనివ్వండి.

ప్రశ్న: మేడమ్, నేను ఒక అనిమే పాత్రలతో హాస్య కామిక్ గీసి ఉచితంగా పెట్టాను. అసభ్యత ఏమీ లేదు. ఎవరో నా పేరు చెరిపేసి, ఆ బొమ్మలతో స్టిక్కర్లు, టీషర్టులు చేసి అమ్ముతున్నారు. అడిగితే ‘నీది కూడా దొంగ బొమ్మే, నీకేం హక్కు’ అంటున్నారు. నిజంగా నాకు హక్కు లేదా?
— ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: వాళ్లు అన్న మాటనే 2020లో జపాన్ మేధాసంపత్తి హైకోర్టు ముందు ఒక వెబ్‌సైటు నడిపేవారు వాదించారు. ఒక దోజిన్షి రచయిత్రి గీసిన పుస్తకాలను అడగకుండా పెట్టుకుని, అవి మూల హక్కుదారు అనుమతి లేనివి గనుక ఆమెకు రక్షణ లేదన్నారు. అక్టోబరు 6న కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. మూలం నుంచి తీసుకున్నది తనది కాకపోయినా, ఆమె సొంతంగా చేర్చినదాని మీద ఆమెకు హక్కు ఉంటుందని చెప్పి సుమారు 22 లక్షల యెన్‌ల పరిహారం ఇప్పించింది. మన కోర్టులు ఆ తీర్పుకు కట్టుబడి ఉండనవసరం లేదు. అయినా మీ కథ, మీ హాస్యం, మీ కూర్పు మీవేనని వాదించడానికి అది బలమైన ఆధారం. మీ బొమ్మ కింద నుంచి మీ పేరు చెరిపేయడం మీద 57వ సెక్షను కూడా ఉంది. రచయితగా తన పేరు చెప్పుకునే హక్కును అది మీకు ఇస్తుంది.

కేసు వేసేముందు ఒక్క విషయం ఆలోచించాలి. మీరు కోర్టుకు వెళితే మూల హక్కుదారు దృష్టి మీ మీద కూడా పడుతుంది. అందుకని మొదట ఆ అనిమే సంస్థ అభిమానుల బొమ్మల గురించి నియమావళి ఏమైనా పెట్టిందేమో చూడండి. ఉచిత కామిక్‌కు అభ్యంతరం లేదని అందులో ఉంటే మీ కాళ్ల కింద నేల గట్టిగా ఉన్నట్టే. తరువాత మీ దగ్గర ఉన్న మొదటి చిత్తుగీతలను, తేదీలతో ఉన్న ఫైళ్లను ఒకచోట చేర్చండి. వాళ్లు అమ్ముతున్న పేజీకి స్క్రీన్‌షాట్లు తీసి, ఒక టీషర్టు కొని బిల్లు దాచండి. అమ్మకం జరుగుతున్న వేదికకు రాతపూర్వకంగా ఫిర్యాదు పంపండి. పదిహేను రోజులు చూసి, ఫలితం లేకపోతే ఈ కాగితాలన్నీ పట్టుకుని దగ్గరలోని న్యాయవాదిని కలవండి. టీషర్టు కూడా తీసుకువెళ్లండి, ఉతకకుండా, ధర చీటీ తీయకుండా.